మూడేళ్లు అప్‌డేట్ లేని జెంటూ మెషిన్: ఒక ప్రింటింగ్ ప్రెస్ కేస్ స్టడీ

విజయవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు వేస్తారు. డీటీపీ పని చాలావరకు విండోస్ మెషిన్ల మీద, అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో నడుస్తుంది. వాటి పక్కన ఇంకో పెట్టె ఉంది. జనం ఫోన్లో యూనికోడ్‌లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపే మేటర్ ఇప్పుడు బాగా ఎక్కువైంది. ఆ మేటర్ తీసుకుని శుభలేఖల నమూనా బొమ్మలు, పుస్తకాల పీడీఎఫ్‌లు తయారుచేసేది ఈ పెట్టే. అందులో ఉన్నది జెంటూ లైనక్స్. దాన్ని పెట్టినాయన ఉద్యోగం మారి వెళ్లిపోయారు. 2021 మొదట్లో చివరిసారి అప్‌డేట్ అయింది. 2024 వేసవిలో నన్ను పిలిచారు.

పిలిచిన కారణం చిన్నదే. కొత్త ప్రింటర్ కొన్నారు, దాని డ్రైవర్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవడం లేదు. ఓనరుగారు పెట్టిన షరతు కూడా ఒక్కటే: "మీరేం చేసినా చేయండి, మెషిన్ మాత్రం ఆగకూడదండీ."

జెంటూ వాడనివాళ్ల కోసం రెండు ముక్కలు. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ అంటే ఎవరో ముందే కంపైల్ చేసి పెట్టిన బైనరీ. జెంటూలో ప్యాకేజీ అంటే ఈబిల్డ్. సోర్స్ ఎక్కడ దొరుకుతుంది, ఏయే డిపెండెన్సీలు (ముందుగా ఉండాల్సిన ఇతర ప్యాకేజీలు) కావాలి, ఎలా కంపైల్ చేయాలి అని రాసి ఉండే చిన్న ఫైల్ అది. జెంటూ ప్యాకేజీ మేనేజర్ అయిన పోర్టేజ్ దాన్ని చదివి మన మెషిన్ మీదే కంపైల్ చేస్తుంది. డేనియల్ రాబిన్స్ మొదలుపెట్టిన ఈ డిస్ట్రిబ్యూషన్ 1.0 వెర్షన్ 2002 మార్చిలో వచ్చింది. ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్ దీనికి ప్రేరణ. గూగుల్ వాళ్ల క్రోమ్ ఓఎస్ కూడా ఇదే పోర్టేజ్‌తో బిల్డ్ అవుతుంది. ప్రతి ప్యాకేజీలో ఏ సౌకర్యం ఉండాలి, ఏది అక్కర్లేదు అని మనమే చెప్పుకునే స్విచ్‌లను యూజ్ ఫ్లాగ్‌లు అంటారు. ఈ కేసంతా చివరికి వాటి చుట్టూనే తిరిగింది.

మెషిన్‌లో ఏముంది

పైథాన్ 3.8, జీసీసీ 10, జీలిబ్‌సీ 2.32, ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.1, ప్రొఫైల్ (సిస్టమ్ మొత్తానికి జెంటూ ఇచ్చే మూల సెట్టింగులు) 17.1. అప్పటికి అన్నీ సరైనవే. ఎవరో కంగారుపడి మధ్యలో ఒకసారి ట్రీని, అంటే ఈబిల్డ్‌లన్నీ ఉండే సంగ్రహాన్ని, సింక్ చేశారు. అంటే ఈబిల్డ్‌లు 2024వి, వాటిని చదవాల్సిన పోర్టేజ్ మాత్రం 2021 నాటిది.

చిక్కు ఇక్కడే ఉంది. ఈబిల్డ్ ఏ నియమాల ప్రకారం రాశారో చెప్పే నంబర్‌ను ఈఏపీఐ అంటారు. 2021 జూన్‌లో ఈఏపీఐ 8 ఆమోదం పొందింది. ఆ మెషిన్‌లోని పోర్టేజ్‌కి 7 వరకే తెలుసు. కొత్త పైథాన్ ఈబిల్డ్ ఈఏపీఐ 8లో ఉంది కాబట్టి ఈ పోర్టేజ్ దాన్ని ఇన్‌స్టాల్ చేయలేదు. పోనీ ముందు పోర్టేజ్‌నే మారుద్దామంటే, ట్రీలో ఉన్న పోర్టేజ్‌కి కొత్త పైథాన్ కావాలి. ఒకదానికొకటి అడ్డం. ప్రింటర్ డ్రైవర్ అడిగితే వచ్చిన ఎర్రర్‌లో డ్రైవర్ గురించి పెద్దగా ఏమీ లేదు, అంతా ఈ గొడవే.

సెట్టింగులు ఉండే ఎట్‌సీ డైరెక్టరీలో చూస్తే, కలపకుండా వదిలేసిన కాన్ఫిగ్ అప్‌డేట్లు కుప్పగా ఉన్నాయి. ప్యాకేజీ మారినప్పుడు మన కాన్ఫిగ్ ఫైల్‌ని పోర్టేజ్ చెరపదు. కొత్తదాన్ని పక్కనే చుక్కతో మొదలయ్యే పేరుతో పెట్టి, డిస్పాచ్-కాన్ఫ్ నడిపి చూసుకోమంటుంది. ఎవరూ నడపలేదు.

ఉన్నచోటే పైకి లాగొచ్చా?

లాగొచ్చు. జెంటూ ట్రీ 2015 నుంచి గిట్‌లో ఉంది. తేదీ చూసుకుని 2021 మధ్యకు ఒకసారి, ఆ ఏడాది చివరికి ఒకసారి, 2022కి ఇంకోసారి అని పాత కమిట్ల మీద ఆగుతూ, ఒక్కో మెట్టుకీ వరల్డ్ అప్‌డేట్ (మొత్తం సిస్టమ్ అప్‌డేట్) చేసుకుంటూ రావచ్చు. గుర్రపు స్వారీలా బాగానే ఉంటుంది గానీ ప్రెస్ మెషిన్ మీద నేను ఆ పని చేయను.

మొదటి కారణం సోర్స్ ఫైళ్లు. ట్రీలోంచి ఒక వెర్షన్ తీసేశాక, దాని టార్‌బాల్ (సోర్స్ ఫైళ్ల మూట) కొన్నాళ్లకు జెంటూ మిర్రర్ల మీద కూడా ఉండదు. పాత మెట్టు మీద నిలబడితే ఈబిల్డ్ ఉంటుంది, డౌన్‌లోడ్ చేద్దామంటే ఫైల్ ఉండదు. ప్రతిదాన్నీ అప్‌స్ట్రీమ్‌లో వెతుక్కోవాలి.

రెండో కారణం దారిలో ఉన్న గుంటలు. 2021 నవంబర్‌లో జెంటూ స్టేబుల్ (పరీక్షించి ఖాయం చేసిన వెర్షన్లు) వాడేవాళ్లంతా జీలిబ్‌సీలోని లిబ్‌క్రిప్ట్ నుంచి లిబ్‌ఎక్స్‌క్రిప్ట్‌కి మారారు. పాస్‌వర్డ్ సరిచూసే లైబ్రరీ అది. ఆ మార్పు మధ్యలో ఆగిందంటే లాగిన్, ఎస్‌యూ కూడా పనిచేయవు, లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి బాగుచేసుకోవాలి. తర్వాత ఓపెన్ఎస్ఎస్ఎల్ 3. ఆ తర్వాత 2024 మార్చిలో వచ్చిన 23.0 ప్రొఫైల్. ఈ ప్రొఫైల్‌కి మారాలంటే బిన్‌యుటిల్స్, జీసీసీ, జీలిబ్‌సీ అదే వరుసలో మళ్లీ కట్టి, చివరికి సిస్టమ్‌లో ఉన్న ప్రతి ప్యాకేజీనీ తిరిగి కంపైల్ చేయాలి. ఏడాదిలోపు పాత మెషిన్ అయితే ఇవి ఒక్కొక్కటే వస్తాయి, న్యూస్ చదివి దాటేయొచ్చు. మూడేళ్లవి ఒకేసారి మీద పడితే ఏది దేన్ని పాడుచేసిందో చెప్పడం కష్టం.

అందుకని పాత సిస్టమ్‌ని ముట్టుకోకుండా, పక్కన ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టి దాని మీద కొత్త రూట్ కట్టాలని నిర్ణయించాం. సోర్స్ నుంచి కట్టుకునే సిస్టమ్‌లో ఉన్న పెద్ద సుఖం ఇదే. ఇన్‌స్టలేషన్ అంటే ఒక డైరెక్టరీలో స్టేజ్3 టార్‌బాల్ (జెంటూ ఇచ్చే కనీస సిస్టమ్) విప్పి అందులోకి చ్‌రూట్ చేయడమే (ఆ డైరెక్టరీనే రూట్‌గా చేసుకుని పనిచేయడమే) కాబట్టి, పాత సిస్టమ్ నడుస్తుండగానే కొత్తది తయారవుతుంది. పాత కర్నల్ 5.10. కొత్త జీలిబ్‌సీకి అది సరిపోతుంది. పోర్టేజ్ నైస్‌నెస్ 19 పెడితే పగలు ప్రెస్ పని నడుస్తున్నా కంపైల్ పక్కకు తప్పుకుంటుంది. బరువైనవి రాత్రికి వదిలేశాం.

స్టేజ్3 విప్పేముందు జెంటూ రిలీజ్ కీతో సిగ్నేచర్ సరిచూసుకోవాలి. చాలామంది ఈ పని చేయరు. మొత్తం సిస్టమ్ దాని మీద నిలబడుతుంది, కాబట్టి తప్పకుండా చేయండి.

పోర్టేజ్ ప్రధాన సెట్టింగుల ఫైలైన మేక్.కాన్ఫ్‌లో పాత కంపైలర్ ఫ్లాగ్‌లు ఓ3, అన్‌రోల్-లూప్స్, ఫాస్ట్-మ్యాత్ అని పొడుగ్గా ఉన్నాయి. ఫాస్ట్-మ్యాత్‌ని సిస్టమ్ మొత్తానికి పెట్టడం ప్రమాదం. దశాంశాల లెక్కల్లో ప్రోగ్రామ్ రాసినవాళ్లు నమ్ముకున్న నియమాలను అది పక్కన పెడుతుంది. కొత్తదానిలో ఓ2, మార్చ్-నేటివ్, పైప్, అంతే. ర్యామ్ 16 జీబీ ఉంది. ఒక్కో కంపైల్ జాబ్‌కి 2 జీబీ చొప్పున లెక్కేసుకుని మేక్ జాబ్స్ 8కి పరిమితం చేశాం. కోర్లను చూసి ఈ అంకె పెంచేసి, పెద్ద సీప్లస్‌ప్లస్ ప్యాకేజీ దగ్గర ర్యామ్ చాలక మెషిన్ బిగుసుకుపోయాక టెన్షన్ పడేవాళ్లను చాలామందిని చూశాను.

2023 డిసెంబర్ చివర్లో జెంటూ వాళ్లే బైనరీ ప్యాకేజీలు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. గెట్‌బిన్‌ప్యాకేజ్ ఫీచర్ ఆన్ చేస్తే, మన యూజ్ ఫ్లాగ్‌లకు సరిపోయే బైనరీ ఉంటే పోర్టేజ్ దాన్నే తెస్తుంది, లేకపోతే సోర్స్ నుంచి కడుతుంది. పాతకాలపు జెంటూ అభిమానులకు ఇది రుచించకపోవచ్చు. నా మటుకు ఇది గొప్ప మేలు. ఫైర్‌ఫాక్స్‌లోనో ఎల్ఎల్‌వీఎమ్‌లోనో ఈ ప్రెస్సుకి ప్రత్యేకంగా కావాల్సింది ఏమీ లేదు, వాటిని గంటలకొద్దీ కంపైల్ చేసి సాధించేదీ లేదు. ప్రత్యేకంగా కావాల్సినవి నాలుగైదు ప్యాకేజీలు. శ్రద్ధంతా వాటి మీద పెట్టాం.

వరల్డ్ ఫైల్

మనం పేరు పెట్టి అడిగి ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీల జాబితా వరల్డ్ ఫైల్. డిపెండెన్సీగా వచ్చినవి అందులో ఉండకూడదు. ఈ మెషిన్‌లో రెండు వందలకు పైగా పేర్లున్నాయి. లైబ్రరీలు, పైథాన్ మాడ్యూళ్లు, పెర్ల్ మాడ్యూళ్లు అన్నీ అందులోనే. ఎప్పుడో ఏదో ఎర్రర్ వచ్చినప్పుడు ఫలానా లైబ్రరీని మళ్లీ ఎమర్జ్ చేయమని (పోర్టేజ్ కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేయమని) ఎవరో చెబితే, పేరు వరల్డ్‌లో చేరకుండా ఆపే వన్‌షాట్ ఆప్షన్ లేకుండా చేసేశారు. ఆ పేరు వరల్డ్‌లో ఉండిపోయింది. అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే డెప్‌క్లీన్ ఇక దాన్ని ముట్టుకోదు. ఎవరికీ అక్కర్లేని ఆ లైబ్రరీ ప్రతి అప్‌డేట్‌లోనూ అడ్డం పడుతుంది.

దాన్ని యథాతథంగా కొత్త సిస్టమ్‌కి కాపీ చేయలేదు. అక్కడ పనిచేసే డీటీపీ ఆపరేటర్‌గారిని పక్కన కూర్చోబెట్టుకుని, పొద్దున మెషిన్ ఆన్ చేసిన దగ్గర్నుంచి ఏమేం తెరుస్తారో, ఏ బటన్ నొక్కితే ఏ స్క్రిప్ట్ నడుస్తుందో రాసుకున్నాను. తేలిన జాబితా ముప్పై పేర్లు దాటలేదు: ఇమేజ్‌మ్యాజిక్, జీలేటెక్ ఉన్న టెక్‌లైవ్, ఘోస్ట్‌స్క్రిప్ట్, కప్స్, ఇంక్‌స్కేప్, సాంబా, ఇంకొన్ని. మిగతావి డిపెండెన్సీలుగా వాటంతట అవే వచ్చాయి.

శుభలేఖలో విడిపోయిన వత్తు

పాత మేక్.కాన్ఫ్‌లో యూజ్ లైన్ నాలుగు వరుసలు నిండా ఉంది. ఏ ఫ్లాగ్ ఎందుకు పెట్టారో ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు. కొత్త సిస్టమ్‌లో ఆ లైన్ ఖాళీగా ఉంచాం. ఏది అవసరమో పరీక్షలోనే తేలాలి.

పరీక్ష ఇలా పెట్టుకున్నాం. గత ఏడాదిలో చేసిన ఆర్డర్లలోంచి రకానికొకటి ఏరి, అదే మేటర్‌ను కొత్త సిస్టమ్‌లో మళ్లీ నడపడం. పాత ఫలితాన్నీ కొత్త ఫలితాన్నీ పేజీ పేజీగా బొమ్మలు చేసి, ఇమేజ్‌మ్యాజిక్‌లోని కంపేర్‌తో తేడాలు ఎర్రగా చూడటం. శుభలేఖ నమూనాకి వచ్చేసరికి పేజీ అంతా ఎర్రగా మారిపోయింది. తెరిచి చూస్తే "శుభలేఖ" బాగానే ఉంది, "ఆహ్వాన పత్రిక" మాత్రం చెదిరిపోయింది. త మీద పొల్లు విడిగా నిలబడి, దాని పక్కన ర విడిగా వచ్చింది. హ కింద ఉండాల్సిన వ వత్తు కూడా పైకి వచ్చి కూర్చుంది. స్క్రిప్ట్ మాత్రం ఎర్రర్ ఏదీ ఇవ్వలేదు.

కారణం వెతికితే: తెలుగులో వత్తులు సరిగ్గా అతకాలంటే అక్షరాలను ఒక్కొక్కటిగా గీస్తే చాలదు, షేపింగ్ జరగాలి. ఆ పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది, ఇమేజ్‌మ్యాజిక్ దాని దగ్గరికి ప్యాంగో ద్వారా వెళ్తుంది. జెంటూలో ఇమేజ్‌మ్యాజిక్‌కి ప్యాంగో అనేది ఒక యూజ్ ఫ్లాగ్. పెట్టకపోతే రాదు. పాత సిస్టమ్‌లో ఆ నాలుగు వరుసల మధ్యలో ఎక్కడో ఈ ఫ్లాగ్ ఉంది. ఇక్కడ స్క్రిప్ట్‌లో ఇంకో మెలిక. ప్యాంగో దొరక్కపోతే మామూలు లేబుల్ పద్ధతికి వెళ్లిపోయేలా రాసి ఉంది. అది ఫ్రీటైప్‌తో అక్షరం తర్వాత అక్షరం గీసేస్తుంది. ఇంగ్లీషుకైతే తేడా తెలియదు, తెలుగుకైతే వత్తులు పోతాయి.

పరీక్ష లేకుండా మార్పిడి చేసి ఉంటే ఈ తప్పు ఏ పెళ్లివారింటికో అచ్చై వెళ్లి ఉండేది.

ఎట్‌సీ పోర్టేజ్ కింద ప్యాకేజ్.యూజ్‌ని డైరెక్టరీగా చేసి, అందులో తెలుగు అనే పేరుతో ఒక ఫైల్ పెట్టాం. ఇమేజ్‌మ్యాజిక్‌కి ప్యాంగో, టెక్‌లైవ్‌కి జీటెక్, ఇంకా రెండు లైన్లు. ప్రతి లైన్ మీదా కామెంట్: "ఇది తీసేస్తే శుభలేఖ నమూనాల్లో వత్తులు విడిపోతాయి. మార్చాక పత్రిక పరీక్ష నడపండి." స్క్రిప్ట్‌లో రెండో దారి తీసేశాం, ప్యాంగో లేకపోతే ఇప్పుడు ఆగిపోతుంది. సోర్స్ నుంచి కట్టే సిస్టమ్‌లో వెర్షన్లు ఎలాగూ మారుతుంటాయి, వాటిని పోర్టేజ్ చూసుకుంటుంది. ఎవరు ఎందుకు ఏ ఫ్లాగ్ పెట్టారన్నది మాత్రం మనిషి రాస్తేనే నిలుస్తుంది. ఈ మెషిన్ మూడేళ్లు ఆగిపోవడానికి అసలు కారణం కూడా అదే. ఏది కదిపితే ఏమవుతుందో తెలియక ఎవరూ చేయి పెట్టలేదు.

ఆర్డర్లు లాగే స్క్రిప్ట్ కూడా ఆగింది. అది పైథాన్‌లోని ఇంప్ మాడ్యూల్ వాడుతోంది. పైథాన్ 3.12లో దాన్ని తీసేశారు, జెంటూ డిఫాల్ట్ కూడా 2024 జూన్‌లో 3.12కి మారింది. ఇంపోర్ట్‌లిబ్‌కి మార్చడం చిన్న పని.

పోర్టేజ్‌కి తెలియని ఫైళ్లు

పుస్తకాల పరీక్షలో ఒకదానిలో లైన్లు వేరేచోట విరిగాయి. ఇది ఫాంట్ గొడవ. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లను ఎవరో చేత్తో కాపీ చేశారు. ఒకే ఫాంట్ సిస్టమ్ డైరెక్టరీలో ఒక వెర్షన్, యూజర్ హోమ్‌లో ఇంకో వెర్షన్. పాత పుస్తకం హోమ్‌లో ఉన్నదానితో తయారైంది, కొత్త సిస్టమ్‌కి మేం తెచ్చుకున్నది సిస్టమ్ డైరెక్టరీలోది.

ఏ ఫైల్ ఏ ప్యాకేజీదో చెప్పే క్యూఫైల్‌కి ఆర్ఫన్స్ ఆప్షన్ ఇచ్చి పాత యూఎస్ఆర్ డైరెక్టరీ మీద నడిపితే, ఏ ప్యాకేజీకీ చెందని ఫైళ్ల జాబితా వస్తుంది. ఫాంట్లు, రెండు షెల్ స్క్రిప్టులు, చేత్తో మేక్ ఇన్‌స్టాల్ చేసిన ఒక చిన్న టూల్ దొరికాయి. ఇవన్నీ పోర్టేజ్ కంటికి కనబడవు.

వీటికోసం లోకల్ రిపాజిటరీ ఒకటి సృష్టించాం. ఇసెలెక్ట్ రిపాజిటరీతో ఒక్క కమాండ్ పని. ఫాంట్లను తేదీ వేసిన టార్‌బాల్‌గా కట్టి ఈబిల్డ్ రాశాం. ఫాంట్ ఈక్లాస్‌ని (ఈబిల్డ్‌లు పంచుకునే సిద్ధంగా ఉన్న కోడ్) ఇన్‌హెరిట్ చేసుకుంటే రాయాల్సింది పదిహేను లైన్లలోపే: ఈఏపీఐ 8, వివరణ, లైసెన్స్, స్లాట్, ఫాంట్ ఫైళ్లు టీటీఎఫ్ అన్న ఒక మాట. ఇన్‌స్టాల్ అయ్యాక ఫాంట్ క్యాష్‌ను ఈక్లాసే తాజా చేస్తుంది. మానిఫెస్ట్‌లో టార్‌బాల్ చెక్‌సమ్ ఉంటుంది కాబట్టి ఎవరైనా ఫైల్ మారిస్తే ఇన్‌స్టాల్ కాదు. ఇప్పుడు ఫాంట్ మార్చాలంటే కొత్త తేదీతో కొత్త ఈబిల్డ్. ఏ పుస్తకం ఏ తేదీ ఫాంట్‌తో వేశామో రిజిస్టర్‌లో రాసుకుంటున్నారు.

పాత లేజర్ ప్రింటర్ డ్రైవర్‌కి ఒక చిన్న ప్యాచ్ కూడా ఉంది. దాన్ని ఎట్‌సీ పోర్టేజ్ ప్యాచెస్ కింద ఆ ప్యాకేజీ పేరుతో పెడితే, ప్రతి కంపైల్‌కీ పోర్టేజ్ తనే అతికిస్తుంది. ఈఏపీఐ 6 నుంచి ప్రతి ఈబిల్డూ ఇందుకు అవకాశం ఇవ్వాల్సిందే. కొత్త వెర్షన్‌కి ప్యాచ్ అతకకపోతే బిల్డ్ అక్కడే ఆగుతుంది. ప్యాచ్ లేకుండా చప్పుడు చేయకుండా అప్‌డేట్ అయిపోవడం కన్నా అదే మేలు. ప్రెస్‌ని ఇంకో డిస్ట్రిబ్యూషన్‌కి మార్చేద్దామా అన్న మాట వచ్చినప్పుడు, వద్దని నేను చెప్పింది ముఖ్యంగా దీనికోసమే. ఒకే ప్యాచ్‌ను ఏళ్ల తరబడి ఇంత తేలిగ్గా మోసే పద్ధతి నేను వాడిన డిస్ట్రిబ్యూషన్లలో ఇంకెక్కడా లేదు.

మార్పిడి

ఆషాఢంలో పెట్టుకున్నాం. పెళ్లిళ్లు ఉండవు, ప్రెస్‌కి ఊపిరి తీసుకునే నెల. కర్నల్ విషయంలో చేత్తో కాన్ఫిగర్ చేసే పాత పద్ధతి వదిలి, జెంటూ ఇచ్చే బైనరీ డిస్ట్రిబ్యూషన్ కర్నల్ తీసుకున్నాం. ఇన్‌స్టాల్‌కర్నల్‌కి గ్రబ్, డ్రాకట్ ఫ్లాగ్‌లు ఇస్తే అప్‌డేట్ వచ్చినప్పుడు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, బూట్ మెనూ వాటంతట అవే సిద్ధమవుతాయి. గ్రబ్ మెనూలో కొత్త సిస్టమ్ పైన, పాతది కింద. ఓ ఆదివారం సాయంత్రం చివరిసారి డేటా ఆర్‌సింక్ చేసి, కొత్తదానిలోకి బూట్ చేశాం. సోమవారం మధ్యాహ్నానికి కొత్త ప్రింటర్ కూడా ఎక్కింది. డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయడానికి ఒక్క ఎమర్జ్ సరిపోయింది.

ఇప్పుడు ఎలా నడుస్తోంది

వారానికోసారి సింక్, ఆ తర్వాత ఇసెలెక్ట్ న్యూస్. న్యూస్ చదవకుండా వరల్డ్ అప్‌డేట్ మొదలుపెట్టకూడదన్నది ఇక్కడ నేను పెట్టిన గట్టి నియమం. తర్వాత అప్‌డేట్, డీప్, ఛేంజ్‌డ్-యూజ్ ఆప్షన్లతో ముందు ప్రిటెండ్, అంటే ఏమేం మారతాయో జాబితా మాత్రమే చూడటం. జాబితాలో ఇమేజ్‌మ్యాజిక్, ప్యాంగో, హార్ఫ్‌బజ్, టెక్‌లైవ్, ఘోస్ట్‌స్క్రిప్ట్‌లలో ఏదున్నా పరీక్ష పేజీలు తప్పనిసరి. అప్‌డేట్ అయ్యాక డిస్పాచ్-కాన్ఫ్, పాత లైబ్రరీలు మిగిలిపోయాయని పోర్టేజ్ చెబితే ప్రిజర్వ్‌డ్-రీబిల్డ్, చివర్లో డెప్‌క్లీన్. డెప్‌క్లీన్ జాబితాను కళ్లతో చదివాకే ఒప్పుకోవాలి.

బిల్డ్‌ప్యాకేజ్ ఫీచర్ ఆన్‌లో ఉంది. అంటే ఇక్కడ కట్టిన ప్రతి ప్యాకేజీ బైనరీ కాపీ డిస్క్ మీద మిగులుతుంది. కొత్త ఘోస్ట్‌స్క్రిప్ట్ నచ్చకపోతే మళ్లీ కంపైల్ చేయకుండా నిమిషంలో పాతదానికి వెళ్లొచ్చు. ఎట్‌సీ మొత్తం గిట్‌లో ఉంది.

సెక్యూరిటీ నోటీసుల కోసం జీఎల్ఎస్ఏ-చెక్‌ను క్రాన్‌లో పెట్టాం. ఆ ఏడాది మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్ (ఫైళ్లు కుదించే లైబ్రరీలో దొంగచాటుగా పెట్టిన దారి) వార్త ఓనరుగారి దాకా కూడా వచ్చింది. "మనది సోర్స్ నుంచే కదండీ, మనకేం కాదు కదా?" అని అడిగారు. ఆ ధైర్యం సరైంది కాదని చెప్పాను. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దుర్మార్గపు కోడ్ రిలీజ్ టార్‌బాల్‌లోనే ఉంది. మానిఫెస్ట్ చెక్‌సమ్ సరిపోయిందంటే జెంటూ డెవలపర్ తెచ్చుకున్న ఫైలే మనమూ తెచ్చుకున్నామని అర్థం, అది శుభ్రంగా ఉందని కాదు. జెంటూ వాళ్లు బతికిపోవడానికి వేరే కారణాలున్నాయి. ఆ కోడ్ డెబ్, ఆర్‌పీఎమ్ ప్యాకేజీలు కట్టే వాతావరణంలోనే మేల్కొనేలా రాశారు, జెంటూ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ కూడా ఆ లైబ్రరీ దాకా వెళ్లే ప్యాచ్ వాడదు. పైగా ఆ వెర్షన్లు టెస్టింగ్ దాటి స్టేబుల్‌కి రాలేదు. ఈ ప్రెస్ మెషిన్ పూర్తిగా స్టేబుల్ మీద ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం. టెస్టింగ్ వెర్షన్ తప్పనిసరైతే ఆ ఒక్క ప్యాకేజీకే, వెర్షన్ నంబర్‌తో సహా, కారణం రాసి అనుమతించాలి. ఇప్పటికి అలాంటిది ఒక్కటే ఉంది, కొత్త ప్రింటర్ డ్రైవర్. అది స్టేబుల్‌కి రాగానే ఆ లైన్ తీసేయాలని దాని పైనే కామెంట్ ఉంది.

మిగిలిన పని ఒకటే. చేత్తో మేక్ ఇన్‌స్టాల్ చేసిన ఆ చిన్న టూల్‌కి ఈబిల్డ్ రాయాలి. దాని సోర్స్ ప్రెస్‌లో ఎవరి దగ్గరా లేదు, పాత ఎస్‌ఎస్‌డీలో బైనరీ మాత్రమే ఉంది. అది చేసే పని ఘోస్ట్‌స్క్రిప్ట్‌తో చేయించవచ్చో లేదో చూస్తున్నాం. తేలేదాకా పాత ఎస్‌ఎస్‌డీని తుడిచేయవద్దని చెప్పి, దాని మీద చీటీ అంటించి వచ్చాను.